తలుపుమాట

లోపల నా వెల కడుతున్నారు. కట్టనీ, సంతలో ఎద్దుకి లేని సిగ్గు నాకెందుకు అనుకుని ఈ నడవాలో కూర్చున్నాను గానీ, కూర్చున్నచోట కుదురు లేదు. ఎదురుగా గోడవార కంపెనీవాళ్ళు నమూనాకి పెట్టిన ఆసుపత్రి మంచం ఉంది. తెల్లరంగు, కాళ్ళకి చక్రాలు, పాదాలవైపు తిప్పుడు పిడి. పిడి ఇటు తిప్పితే తలవైపు లేస్తుంది, అటు తిప్పితే మళ్ళీ పడుకుంటుంది. దీనిమీద ఇంతవరకూ ఏ రోగీ పడుకోలేదు, అయినా పరుపు మధ్యలో పల్లం పడింది. ఈ తలుపు ముందు ఎదురుచూసేవాళ్ళందరూ కుర్చీ వదిలేసి దానిమీదే కూర్చుంటారు మరి. పెద్దసారు కూడా కూర్చునేవారు, యజమాని అయ్యుండీ, కాళ్ళు నేలకందక ఊపుకుంటూ. కింద షెడ్డులో గొట్టాలు వంచే యంత్రం భోంచేసి పడుకున్న పెద్దమనిషిలా బుస్సుమని ఊపిరి పీల్చి వదులుతోంది. మెట్లమీంచి రంగు వాసన పైకొస్తోంది. ఇంకొకరికి తలనొప్పి తెచ్చే వాసన అది. నాకు పుట్టింటి వాసన.

ఇక్కడ నన్ను ఆడిటరమ్మ అంటారు. ఏడాదికోసారి వీళ్ళ లెక్కలు తిరగేసి, సరుకు తడిమి చూసి, వీళ్ళు చెప్పింది నిజమేనని చివర సంతకం పెట్టడం నా పని. ఆ సంతకం చూసి బ్యాంకు అప్పిస్తుంది, వాటాలు కొన్నవాళ్ళు గుండెమీద చెయ్యేసుకుని నిద్రపోతారు. దానికి ఈ ఏడు ఎంత ఇవ్వాలో తేల్చడానికి లోపల ముగ్గురు కూర్చున్నారు. ఒకడు పెద్దసారి కొడుకు చిన్నబాబు. నలభై ఏళ్ళొచ్చినా, తండ్రి పోయాక ఆ కుర్చీలోకొచ్చినా ఫ్యాక్టరీకి ఇంకా చిన్నబాబే. రెండోవాడు అతని బావమరిది. మూడోవాడు కాలేజీలో అతనితో ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడు. దీనికి ఆడిట్ కమిటీ అని పేరు. యజమానిని ప్రశ్నలడగడానికి పెట్టే కమిటీ అది, అందులో యజమానే నడిమధ్యన కూర్చుని అటొకణ్ణీ ఇటొకణ్ణీ తనవాళ్ళని కూర్చోబెట్టుకున్నాడు. అద్దం ముందు నిలబడి నన్ను నేనే గట్టిగా మందలించుకున్నానని చెప్పుకున్నట్టుంటుంది. నిరుటికంటే సగం ఎక్కువ అడిగాను నేను. కొత్తగా బోర్డు కట్టిన ఇంకో ఆడిటరు నేనడిగినదాంట్లో సగానికే చేస్తానన్నాడట. ఇక తేలాల్సింది ఒక్కటే. ఆ తలుపు తీసి పిలిచినప్పుడు నేను ఫీజు తగ్గించుకుంటానా, లేచి దణ్ణం పెట్టి వచ్చేస్తానా. తగ్గించుకుంటే ఆ డబ్బుకి తగినంతే చూడగలను. వచ్చేస్తే ఇక్కడ చూసేవాళ్ళే ఉండరు.

పొద్దున మా ఆఫీసులో భాగస్వామి, వయసులో నాకంటే బాగా చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు, బీరువా తాళం తీస్తూ వీపు నావైపు పెట్టే మాట్లాడాడు. మొహం చూసి చెప్పలేని మాటలన్నీ బీరువాకి చెబుతాడు వాడు. "వదిలేద్దామక్కా ఆ కంపెనీని. డబ్బు తక్కువ, తలనొప్పి ఎక్కువ."

"అందుకే కదరా ఎక్కువ అడిగాం."

"నువ్వడిగింది తలనొప్పికి. తలే పోయేచోట ఎంతడిగినా తక్కువే."

తలే పోయేచోట. మా మేనమామ ఇదే మాట ఇంకోలా అనేవాడు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆయనే. సంతలో ఎద్దుల పళ్ళు పట్టి చూసి కొనేవాళ్ళకి చెప్పడం ఆయన వృత్తి, నన్ను భుజానేసుకుని తీసుకెళ్ళేవాడు, పైనుంచి నాకు కొమ్ములే తప్ప ఎద్దులు కనిపించేవి కావు. ఒకే ఈడు, ఒకే ఎత్తు ఉన్న రెండు ఎద్దులుంటే ఒకదాన్ని చూడ్డానికి ఇంతని, రెండోదానికి అంతకు రెండింతలని కూలి చెప్పేవాడు. అదేం న్యాయం మామా అంటే, "కూలి ఎద్దుని బట్టి కాదే కోడలా, దాని పక్కన నిలబడ్డవాణ్ణి బట్టి" అనేవాడు. పలుపు మన చేతికిచ్చి, కాడి కట్టి నాలుగు సాళ్ళు దున్నుకుని చూసుకోపొమ్మన్నవాడి ఎద్దుకి తక్కువ. పలుపు వదలకుండా, మనకీ ఎద్దుకీ మధ్య నిలబడి, మనం తోకవైపు వెళితే కొమ్ముల గొప్పా కొమ్ములవైపు వెళితే తోక గొప్పా చెప్పేవాడి ఎద్దుకి ఎక్కువ. చూడనివ్వని చోట చూడ్డం కష్టం కదా, కష్టానికే కదా కూలి. చదువుకున్నాక దీనికి వేరే పేర్లున్నాయని తెలిసింది. మామ చెప్పినట్టు రాస్తే పరీక్షలో మార్కులు పడవు గనక ఆ పేర్లే రాసి పాసయ్యాను.

ఒక్కసారి మాత్రం మామ ఏ కూలికీ చూడనన్నాడు. అమ్మేవాడే మూడింతలిస్తానని బతిమాలుతుంటే తువ్వాలు దులిపి భుజాన వేసుకుని నడక మొదలెట్టాడు. చూసి ఉన్నదున్నట్టు చెప్పొచ్చు కదా అన్నాను. "వాడికి నా కళ్ళక్కర్లేదే, నేను చూశానన్న పేరు కావాలి" అన్నాడు. నేను భుజం మీంచి వెనక్కి తిరిగి చూశాను. ఒక చెవి వాలేసిన ఎద్దు, కంటి కింద తడి చార, మేం పోతున్న వైపే చూస్తోంది. అమ్మేవాడి మీద కోపమొచ్చినందుకు మనం ఎద్దుని వదిలేసి పోతున్నామే అనిపించింది నాకు. "మరి దాన్నెవరు చూస్తారు మామా?" అన్నాను. మామ దేనికైనా తడుముకోకుండా బదులిచ్చే మనిషి. ఆ రోజు మాత్రం సంత దాటేదాకా పలకలేదు, దాటాక ఎర్ర రిబ్బను కొనిచ్చాడు. ఇప్పటికీ జవాబు తెలియని ప్రశ్న ఎవరైనా అడిగితే నాకు ఎర్ర రిబ్బను గుర్తొస్తుంది.

మెట్లమీద గాజుల చప్పుడు. టీ అక్క. ఖాళీ పళ్ళెం చంకన పెట్టుకుని, చెవి తలుపుకి ఆనించీ ఆనించనట్టు ఒక క్షణం నిలబడి నన్ను చూసి నాలుక్కరుచుకుంది.

"ఇంకా పిలవలేదా ఆడిటరమ్మా? లోపలిచ్చిన టీలు మీగడ కట్టిపోయాయి, మాటలు మాత్రం పొగలు కక్కుతున్నాయి."

"ఏమంటున్నారేం?"

"నేను తలుపు తియ్యగానే ముగ్గురూ నోరు కట్టేసుకుంటారు, నేనేదో ఊరికి దండోరా వేసేదాన్నైనట్టు." గొంతు తగ్గించింది. "చిన్నబాబు బిస్కెట్టు ముట్టలేదమ్మా. చిన్నప్పట్నుంచీ అంతే కదా ఆయన, భయమేస్తే పచ్చి మంచినీళ్ళు కూడా దిగవు. మీరా ప్లాస్టిక్ కుర్చీలో ఎందుకు, నడుం పట్టేస్తుంది. పోయి మంచమ్మీద కూర్చోండి, అదేమన్నా పీట మీద పెళ్ళికూతురా ముట్టుకోకూడదనడానికి?"

మంచమ్మీద కూర్చున్నాను. పెద్దసారు చేసిన పల్లంలోనే. భయమేస్తే తినడు. నిజమే, ఇంజనీరింగు మొదటేడు రెండు సబ్జెక్టులు తప్పి, జ్వరమని చెప్పి పడుకుని పట్టుమని ఒక ముద్ద తినకపోతే, వాళ్ళమ్మ ఏడుస్తూ నాకు కబురుపెట్టింది. నేనెందుకంటే, పెద్దసారు నన్ను చెల్లెమ్మా అనేవారు, ఆ వరసన వాడు నన్ను అత్తా అనేవాడు. దర్జీ షాపు మీద అద్దె గదిలో నేను బోర్డు కట్టుకుని, ఆడమనిషికి లెక్కలెవరిస్తారని ఈగలు తోలుకుంటున్నప్పుడు, చేతిలో మంచంకోడు పట్టుకుని మెట్లెక్కి వచ్చినాయన పెద్దసారు. కొట్టడానికొచ్చాడేమోనని దర్జీ కత్తెర పట్టుకుని వెనకే వచ్చాడు పాపం. ఆయన ఆ కోడు నా బల్లమీద పెట్టి, ఇది చెయ్యడానికి నాకెంతవుతోందో నాకే తెలియడం లేదు, తేల్చిపెట్టగలవా అమ్మా అన్నారు. అంత సూటిగా తనకి తెలియదని చెప్పిన మగాణ్ణి నేనంతకు ముందు చూళ్ళేదు. ఆ కొడుకు జ్వరం చూడ్డానికెళితే దుప్పటి ముసుగులోంచే "అత్తా, నాన్నకి నువ్వే చెప్పవా" అన్నాడు. దుప్పటి లాగేసి, చెప్పాల్సిన మాట నువ్వే చెప్పరా అని లేవదీశాను. వాడు చెప్పాడు. ఆయన తిట్టలేదు. ఆ సాయంత్రం తండ్రీకొడుకులు ఒకే కంచంలో తిన్నారు.

ఇప్పుడు మేడమ్ అంటాడు. తప్పేం లేదు, కుర్చీకి దాని భాష దానికుంటుంది.

ఈ నడవాకీ ఆ తలుపుకీ మధ్య ఒక పద్ధతి ఉండేది. పెట్టినావిడ మేట్రన్ గారు. కంపెనీ వాటాలు బయటివాళ్ళకి అమ్మినప్పుడు, పైన కూర్చునేవాళ్ళలో యజమాని చుట్టాలు కానివాళ్ళు కొందరుండాలని నియమం వచ్చింది. అందరూ గోల్ఫు ఆడే మిత్రుల్నో, తలూపే రిటైర్డు ఆఫీసర్లనో తెచ్చుకుంటుంటే పెద్దసారు ఏకంగా శత్రువుని తెచ్చారు. పెద్దాసుపత్రిలో మేట్రన్‌గా ఉండగా ఈవిడ మా మంచాల లారీని గేటుదగ్గర్నుంచే తిప్పి పంపింది, "మీ పిడి తిప్పితే రోగి లేవడం సంగతి తర్వాత, నర్సు పడిపోతోంది" అని చీటీ పెట్టి. మంచాలు తిప్పి పంపినావిడ అవసరమైతే మమ్మల్నీ తిప్పి పంపుతుంది, ఇలాంటి మనిషే కావాలన్నారు పెద్దసారు. మొదటి మీటింగులో నేను నా కాగితాలు చదువుతుంటే మేట్రన్ గారు కళ్ళద్దాల పైనుంచి చూసి, "రోగిని చూశావామ్మా, బంధువులు చెప్పింది రాసుకొచ్చావా?" అని అడిగింది. నేను కాగితాలు తిరగేశాను. ఆవిడ లేచి నిలబడి, వార్డులో అన్నట్టే, "బంధువులందరూ కాసేపు బయటికెళ్ళండి" అంది. బంధువులంటే ఎవరో అర్థమయ్యేసరికి పెద్దసారు, చిన్నబాబు, అకౌంట్సు చూసే ఆయన, ముగ్గురూ నడవాలో ఉన్నారు. తనే తలుపు వేసి, తనే గడియపెట్టి, కుర్చీ నా దగ్గరికి లాక్కుంది, మోకాలికి మోకాలు తగిలేటంత. నా మణికట్టు పట్టుకుని, "ఇప్పుడు చెప్పు. ఎక్కడ నొప్పి?" అంది.

ఏడుపొచ్చింది నాకు. ఆడిటరుని నొప్పెక్కడని అడిగినవాళ్ళు అంతవరకూ లేరు, సంతకమెక్కడని అడిగినవాళ్ళే. రెండో షెడ్డులో సరుకు చూడలేకపోయానమ్మా, వాళ్ళిచ్చే ఫీజుకి మనుషుల్ని అన్ని రోజులు పెట్టలేను, రాసిచ్చింది నమ్మేశాను అని చెప్పేశాను. ఆవిడ గడియ తీసి, ఈ మంచమ్మీద కాళ్ళూపుకుంటున్న పెద్దసారితో, "ఈ అమ్మాయికి ఫీజు పెంచండి" అంది. ఆయన నోరు తెరిచారు. "అదేంటమ్మా, ఎక్కడైనా కమిటీ ఉన్నది ఫీజు తగ్గించడానికి కదా!" "చవక వైద్యం చేయించుకుంటే మంచం దిగరు, మీ మంచాలకి అది మంచిదేమో గానీ మీకు కాదు" అంది ఆవిడ. పెద్దసారు పడీపడీ నవ్వారు. పెంచారు. రెండో షెడ్డు చూశాం. లెక్కలోకి రాని తుక్కు, తుక్కులో కలిసిపోయిన మంచి సరుకు బయటపడ్డాయి. పోను పోను షెడ్డుకో మనిషిని పెట్టారు, ఏది అడిగితే అది ఎదురొచ్చి చూపించారు, మాకు పని తగ్గింది. ఒక ఏడు నేనే వెళ్ళి ఫీజు తగ్గించమన్నాను. ఆడిటరమ్మకి ఒంట్లో బావుందా అని పెద్దసారు మేట్రన్ గారిని అడిగారు.

ఆ లోపలి మాటకి ఫ్యాక్టరీలో తలుపుమాట అని పేరు పడింది. ఎవరు పెట్టారో, బహుశా టీ అక్కే. ప్రతి మీటింగు చివరా తలుపుమాట ఉండేది. చెప్పడానికేమీ లేకపోయినా తలుపు వేసుకునేవాళ్ళం, ఆవిడ కోడలి మీద చాడీలు చెప్పేది, నేను మా ఆయన గురకల గురించి. ఏదో ఉన్నప్పుడే తలుపు వేస్తే బయటున్నవాళ్ళు గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు తడుముకుంటారు, రోజూ వేస్తే అలవాటైపోతుంది అనేది. బయట పెద్దసారు ఈ మంచమ్మీద, పాదాలవైపు చిన్నబాబు నిలబడి పిడి తిప్పుతూ. తలుపు తీసేసరికి పెద్దసారు ఒక్కోసారి సగం లేచిన మంచం మీద వెనక్కి వాలి ఉండేవారు. "డాక్టరు లోపల ఎక్సురే చూస్తుంటే బయట కూర్చున్నట్టుంటుంది చెల్లెమ్మా. గుండె దడగానూ ఉంటుంది, హమ్మయ్య చూస్తున్నారులే అని హాయిగానూ ఉంటుంది" అనేవారు. చిన్నబాబుకి హాయి ఉండేది కాదు. పిడి తిప్పే చప్పుడులోనే తెలిసేది.

కాలేజీవాళ్ళు ఓసారి మాట్లాడమని పిలిస్తే ఒక పిల్ల లేచి అడిగింది, కంపెనీకి మంచి పెద్దదిక్కు ఉంటే ఆడిట్ ఫీజు పెరుగుతుందా తగ్గుతుందా మేడమ్ అని. నాకు తడుముకోవాల్సిన పనే లేకపోయింది. ముందు పెరుగుతుంది, ఎందుకంటే ఇంకా చూడు ఇంకా చూడు అంటారు. తర్వాత తగ్గుతుంది, ఎందుకంటే దాచేది తగ్గుతుంది. ఆ పెద్దదిక్కు పోతే మళ్ళీ పెరుగుతుంది అన్నాను. క్లాసంతా నవ్వింది. "పరీక్షలో ఏది రాయాలి మేడమ్?" అంది ఆ పిల్ల, పెన్ను పట్టుకుని. ఎర్ర రిబ్బను గుర్తొచ్చింది.

పెద్దదిక్కు పోయింది. ఒకే మనిషి ఎక్కువ కాలం కూర్చుంటే మొహమాటాలు పెరుగుతాయని నియమం కదా, గడువు తీరి మేట్రన్ గారు దిగిపోయింది. ఆ వానాకాలమే పెద్దసారు పోయారు. కొత్త కుర్చీలో చిన్నబాబు చేసిన మొదటి పనుల్లో ఒకటి, మీటింగు చివర వాచీ చూసుకుని, "తలుపుమాట వద్దులెండి మేడమ్, టైము కలిసొస్తుంది" అనడం. సరే అన్నాను. తండ్రి పోయిన పిల్లాడు, మొదటిసారి కూర్చున్నాడు, మొదటిసారే బయటికి పొమ్మంటే ఏం బాగుంటుందిలే అని. తర్వాత మూడో షెడ్డుకి బ్యాంకు అప్పు తెచ్చాడు. అమ్మకాలు ఇంతకి తగ్గితే అప్పు వెనక్కి లాగేస్తామని బ్యాంకు గీత గీసింది. ఆ గీత కిందికి అమ్మకాలు ఏనాడూ తగ్గలేదు. ఏడాదంతా నత్తనడక నడిచిన అమ్మకాలు ఏడాది ఆఖర్న గుర్రమెక్కుతాయి, గీత దాటగానే మళ్ళీ దిగిపోతాయి. డీలర్ల గోడౌన్లు చూసొస్తామంటే వచ్చే ఏడు చూద్దాం మేడమ్ అన్నాడు. వచ్చే ఏడు వచ్చింది, అదే మాట అన్నాడు. ఎద్దుకీ నాకూ మధ్య నిలబడ్డాడు.

ఆమధ్య బస్సులో పోతుంటే వాన. దారిలో ఏదో ఊరి చివర సగం ఎత్తిన షట్టరు, లోపల దీపం. తెల్లమంచాలు, పాలితీను సంచులు విప్పకుండా, ఒకదానిమీదొకటి కప్పు దాకా. వాటిమీద పిచ్చుకలు కాపురం పెట్టాయి, గడ్డీ గాదం వేలాడుతోంది. బస్సు ఆగలేదు. ఎవరి గోడౌనో, ఎవరి మంచాలో నేనెలా చెప్పను, తెల్లరంగు మంచాలు లోకంలో వీళ్ళొక్కరే చెయ్యరు. అయినా ఆ రాత్రి అన్నం ముందు కూర్చుంటే ఎవరూ పడుకోని మంచాలు అన్న మాట ఒకటే తిరిగింది బుర్రలో. అందుకే సగం ఎక్కువ అడిగాను. ఆ సగం నాకు కాదు, గోడౌన్లకి. ప్రతి గోడౌనుకీ ఒక మనిషి వెళ్ళి సంచి మీద దుమ్ము తుడిచి చూడ్డానికి. సగానికి చేస్తానన్నవాడు ఈ గడప దాటడు. వాడికి కంపెనీ ఇస్తున్నది కళ్ళకి కూలి కాదు, పేరుకి అద్దె.

పోయిన వారం మేట్రన్ గారిని చూసొచ్చాను. చూడ్డానికని వెళ్ళాను గానీ, నిజానికి అడగడానికి. మా ఫ్యాక్టరీ మంచమ్మీదే ఉంది, డబ్బిచ్చి బిల్లు తీసుకుని కొనుక్కున్న మంచం, పెద్దసారు ఊరికే ఇస్తానంటే పోట్లాడి. చిక్కిపోయింది. మనుషులు గుర్తుండటం లేదని కూతురు ముందే చెప్పింది. నన్ను చూసి, ఎవరో తెలిసినట్టు కాదు, ఎవరో వచ్చినట్టు నవ్వింది. కూతురు, మనవరాలు, పక్కింటావిడ మంచం చుట్టూ నిలబడి, గుర్తుపట్టావా, ఆడిటరమ్మ, నీ ఆడిటరమ్మ అని తలా ఒక మాటా అందిస్తుంటే, ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. చెయ్యెత్తి, పాత గొంతుతో, "బంధువులందరూ కాసేపు బయటికెళ్ళండి" అంది. "మళ్ళీ మొదలెట్టింది" అని కూతురు నవ్వుతూ అందర్నీ తోలుకుపోయింది. మేట్రన్ గారు తలుపు వంక చూసింది. నేను లేచి తలుపు వేసొచ్చాను. నా మణికట్టు పట్టుకుంది, వాచీ లేకుండానే నాడి లెక్కపెడుతున్నట్టు పెదాలు కదిపింది.

"ఇప్పుడు చెప్పు. ఎక్కడ నొప్పి?"

నేనెవరో తెలియదు ఆవిడకి. అయినా అడిగింది. పేర్లు పోయాయి, మొహాలు పోయాయి, అడగడం మాత్రం చేతుల్లో మిగిలిపోయింది. "భయంగా ఉందమ్మా, ఒక పిల్లాడి గురించి" అన్నాను.

"పిల్లాడికెన్నేళ్ళు?"

"నలభై."

"వాళ్ళే ఏడిపిస్తారు. చంటివాళ్ళు నయం, నొప్పెడితే అరుస్తారు." కళ్ళు మూసుకుంది, నిద్రపోయిందనుకున్నాను. "పక్కనెవరున్నారు?" అంది.

"ఉన్నారమ్మా, చాలామంది."

"అందుకే చెప్పటంలేదు" అంది, అంత తేలిగ్గా, ఉష్ణోగ్రత చదివినట్టు. ఆ తర్వాత నిజంగానే నిద్రపోయింది, నా చెయ్యి వదలకుండా. పిడి నెమ్మదిగా తిప్పి తలవైపు దించాను. ఒక్క వేలికే తిరిగింది. ఈవిడ తిట్లు తిని బాగుపడ్డ పిడి.

ఇదిగో, ఈ మంచం పిడి కూడా. లేచి వెళ్ళి ఊరికే తిప్పుతున్నాను. లేపుతున్నాను, దించుతున్నాను. లోపల కుర్చీ జరిగింది. చిన్నబాబుని బయటికి పొమ్మంటాను, అంతే. ఫీజు మీరన్నంతే ఇవ్వండి, తలుపుమాట మళ్ళీ పెట్టండి అంటాను. అతను బయటికొచ్చి ఇక్కడ నిలబడతాడు, నేను లోపల ఆ బావమరిదికీ ఆ స్నేహితుడికీ గోడౌన్ల సంగతి చెబుతాను. చెబితే? గోడకి చెప్పినట్టే. అయినా నియమం నియమం. లేదంటే తువ్వాలు దులిపి భుజానేసుకోవడమే. మామా, మరి దాన్నెవరు చూస్తారు?

తలుపు తెరుచుకుంది. బావమరిది. "రండి మేడమ్, చాలాసేపు కూర్చోబెట్టాం."

పొడవాటి బల్ల, మీగడ కట్టిన టీలు, నిండుగా బిస్కెట్ల పళ్ళెం. చిన్నబాబు నా వంక చూడకుండా కాగితం చూస్తున్నాడు, కాగితం తిరగేసి ఉంది. స్నేహితుడు గొంతు సవరించుకుని, మీరంటే మాకెంతో గౌరవం అని మొదలెట్టాడు. గౌరవంతో మొదలైన మాట డబ్బు కోతతోనే ముగుస్తుందని నాకు తెలుసు. బావమరిదికంత ఓపిక లేదు. "అదే కంపెనీ, అవే షెడ్లు, అవే మంచాలు. ఒక్కసారిగా ఫీజెందుకు పెరగాలండీ?"

అదే ఎద్దు, పలుపు పట్టినవాడు మారాడయ్యా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను.

"తగ్గిస్తాను" అన్నాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని చేటంత మొహాలు చేసుకున్నారు. చిన్నబాబు మాత్రం తలెత్తలేదు.

"పాత పద్ధతి మళ్ళీ పెడితే తగ్గిస్తాను. తలుపుమాట. ఈ పూట నుంచే."

చిన్నబాబు లేస్తాడని చూశాను. లేవలేదు. బల్ల అంచున అతని కుడిచెయ్యి గుప్పిట కట్టుకుని, మెల్లగా, గుండ్రంగా తిరుగుతోంది. ఏం తిప్పుతున్నాడో నాకొక్కదానికే తెలుసు ఆ గదిలో. ఏళ్ళ తరబడి తలుపు అవతలినుంచి విన్న పిడి చప్పుడు ఆ చేతిదే.

"మీరిద్దరూ కాసేపు బయట కూర్చోండి" అన్నాడు.

బావమరిది నవ్వాడు. "బావా, ఆ పద్ధతిలో బయటికెళ్ళాల్సింది యజమాని. మేం కాదు."

"తెలుసురా. అన్నేళ్ళు వెళ్ళిందెవరనుకున్నావ్? లేవండి."

"అది కాదురా, రూలు ప్రకారం..." అని స్నేహితుడు అనబోయాడు.

"రూలు రేపట్నుంచి. ఇవాళ లేవండి. మీకేం తెలుసని మేడమ్ మీకు చెప్పాలి? తెలిసింది నాకొక్కడికే."

వెళ్ళారు. బావమరిది గుమ్మందాకా వెళ్ళి ఒకసారి వెనక్కి చూశాడు. తలుపు నేనే వేశాను. వాడక గడియ బిగుసుకుపోయింది, రెండు చేతులతో నెట్టాల్సొచ్చింది. తిరిగి చూస్తే చిన్నబాబు మొహంలో దుప్పటి తీసిన పిల్లాడు. మామా, పలుపు పట్టుకున్నవాడికి కూడా చెవి వాలిపోతుందని నువ్వెప్పుడూ చెప్పలేదే. కుర్చీ దగ్గరికి లాక్కున్నాను, మోకాలికి మోకాలు తగిలేటంత. అతను అన్నీ చెప్పే ముందు నేనొక మాట చెప్పాలి, చెప్పకపోతే అది మోసం.

"రాయాల్సిందుంటే రాస్తాను బాబూ. బ్యాంకుకి తెలియాల్సింది తెలుస్తుంది. అత్తనని ఆగను."

"తెలుసత్తా." చాలా రోజులకి ఆ పిలుపు. "మరి ఫీజు?"

"నొప్పిని బట్టి."

నవ్వబోయాడు, సగంలో అది ఇంకేదో అయింది. బయట మంచం కిర్రుమంది. ఎవరో కూర్చున్నారు. కాసేపటికి పిడి తిరుగుతున్న చప్పుడు, అలవాటు లేని చెయ్యి, ఆగి ఆగి.

అతని మణికట్టు పట్టుకున్నాను. నాడి చూడ్డం నాకు రాదు. ఊరికే పట్టుకున్నాను.

"ఇప్పుడు చెప్పు. ఎక్కడ నొప్పి?"

మొదలుపెట్టాడు. అమ్ముడుపోని మంచాలు, ఏడాది ఆఖర్న అమ్మినట్టు రాసుకుంటాం, ఉంచుకోండి చాలు డబ్బు తర్వాతివ్వండి అని డీలర్ల కాళ్ళావేళ్ళా పడటం, బ్యాంకు గీసిన గీత, నాన్నుంటే ఏమనేవాడోనని పట్టని నిద్ర. ముందు వెనకలు లేకుండా, గొట్టంలో ఇరుక్కున్న నీళ్ళు వచ్చినట్టు ఆగుతూ, దూకుతూ చెప్పుకుపోయాడు. నేను ఏమీ రాసుకోలేదు, రాయడానికి రేపుంది. చెబుతూ చెబుతూ, తనకి తెలియకుండానే, ఎడంచేత్తో పళ్ళెం దగ్గరికి లాక్కుని ఒక బిస్కెట్టు తీసి కొరికాడు.